గళ్ల చొక్కా బొమ్మ

ఆ సాయంత్రం ఆమె రిహార్సల్‌కి బొమ్మ లేకుండా వచ్చింది. చేతిలో బట్టల షాపు సంచి ఒకటి ఉంది. దాన్ని మేష్టారి ముందు బల్ల మీద పెట్టి, వెనక్కి తగ్గి, గోడకు ఆనుకుని నిలబడింది. మేష్టారు సంచిలో చెయ్యి పెట్టి బయటికి తీశారు. రెండు గొడుగు ఊచలు, ఒక పొడవాటి ఇనప చువ్వ. మూడూ నల్లగా మాడి ఉన్నాయి. చువ్వ మధ్యలో వంగిపోయింది.

"ఏటమ్మా ఇది?" అన్నారు మేష్టారు.

"బొమ్మ మేష్టారూ. కాల్చేసేరు."

"ఎవులు?" అన్నాడు పక్కనే ఉన్న ఆటో అతను.

"మా అత్త. ఊరోళ్లు." ఆమె గొంతులో ఏ మార్పూ లేదు. బస్సు ఆలస్యమైందని చెప్పినట్టే చెప్పింది. "నిన్న అమాస కదా. నా మొగుడికి దినం సేసేసేరు."

షెడ్డులో నలుగురం ఉన్నాం. బయట బెల్లం దిమ్మలు లారీకి ఎక్కిస్తున్న వాళ్లు ఏదో అనుకుని నవ్వుకుంటున్నారు. ఆ నవ్వు లోపలికి స్పష్టంగా వినిపిస్తోంది. నేను చాలా ఏళ్లు దినపత్రికలో పనిచేసినవాణ్ని. ఎంత చెడ్డ కబురు విన్నా ఎప్పుడు, ఎక్కడ, ఎలా అని నోటికి వాటంతట అవే ప్రశ్నలు వచ్చేసేవి. ఆ సాయంత్రం ఒక్కటీ రాలేదు. బల్ల మీది చువ్వ వంకే చూస్తూ ఉండిపోయాను. ఆ చువ్వ ఒక బొమ్మకు వెన్నెముక. ఆ బొమ్మకు ఉన్నది ఆమె భర్త చొక్కా. మేం చేసుకున్న నాటకం బొమ్మను శవంగా ఎంచి దహనం చేశారన్న మాట నా తలకి ఎక్కడానికి చాలాసేపు పట్టింది.

ఇది అర్థం కావాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

మా షెడ్డు అనకాపల్లి బెల్లం మార్కెట్ వైపు ఉంటుంది. ఒక వ్యాపారి పాత గోడౌను. సీజన్ లేనప్పుడు ఖాళీగా ఉంటుందని సాయంత్రాలు వాడుకోమన్నాడు. ఎన్నిసార్లు కడిగినా నేల జిగురు వదలదు. చీమలు ఎప్పుడూ ఉంటాయి. బొమ్మల్ని తాడుకు వేలాడదీసి, తాడు రెండు కొసలకూ కిరసనాయిలు తడిపిన గుడ్డలు చుడతాం, చీమలు బొమ్మల మీదికి రాకుండా.

మేష్టారు బడిలో పాఠం చెప్పిన మనిషి కాదు. మైకుసెట్లు అద్దెకిచ్చే షాపు ఆయనది. వయసులో ఉండగా పోటీ నాటకాలు ఆడేవారు. తర్వాత ఆయన దగ్గర వేషాలు వేసే కుర్రాళ్లంతా ఫార్మా కంపెనీల్లో చేరిపోయారు. ఒకడికి ఉదయం షిఫ్టు, ఇంకొకడికి రాత్రి షిఫ్టు, ఒక్క సన్నివేశానికి అందరూ దొరకడం గగనమైంది. "మడుసులకి షిఫ్టులున్నాయి. బొమ్మలకి నేవు," అని ఆయన బొమ్మలాట మొదలుపెట్టారు. తెర వెనక తోలుబొమ్మలాట కాదు. చంటిపిల్లాడి కంటే కాస్త పెద్ద సైజు బొమ్మ. కాగితం గుజ్జుతో తల, తేలిగ్గా ఉండాలని వరిగడ్డితో ఒళ్లు, మెడ నుంచి నడుము దాకా ఇనప చువ్వ, చేతులకు పాత గొడుగు ఊచలు. ఆడించే మనిషి నల్లబట్టలు వేసుకుని బొమ్మ వెనకే, అందరికీ కనబడేలా నిలబడతాడు.

నాటకం నేను రాశాను. ఉద్యోగం మానేశాక ఖాళీగా కనిపించానని మేష్టారు నాతో రాయించారు. పెద్ద కథేమీ కాదు. తుమ్మపాల వైపు ఒక చెరకు రైతు బండి మీద చెరకు వేసుకుని గానుగకి వెళతాడు. అక్కడ వంతు రాదు, దారిలో బండి చక్రం ఊడుతుంది, ఇంకా ఏవేవో అవుతాయి. ఇంటికొచ్చేసరికి పొద్దుపోతుంది. పెళ్లాం గుమ్మంలోనే పట్టుకుని తిడుతుంది. అతను సంజాయిషీలు చెప్పుకుంటాడు. చివరికి ఇద్దరూ కూర్చుని అన్నం తింటారు. జనం నవ్వుకోవాలని రాసిన నాటకం అది.

మొగుడి బొమ్మను ఆటో అతను ఆడిస్తాడు. మేష్టారిని "మామా" అంటాడు. నోరు ఊరుకోదు గానీ, బొమ్మ చేతికొస్తే ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తాడు. పెళ్లాం బొమ్మ ఆడించే అమ్మాయి విశాఖలో ఉద్యోగం వచ్చి మధ్యలో వెళ్లిపోయింది. అప్పుడు బొమ్మలకు బట్టలు కుడుతున్న ఈమెనే మేష్టారు అడిగారు. అనకాపల్లిలోనే ఒక టైలరింగ్ షాపులో పనిచేసేది. కుట్టుకుంటూనే మా డైలాగులన్నీ వినేసింది. సరేనంది.

ఆమెది అచ్యుతాపురం దాటాక సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. రోజూ బస్సులో వచ్చి పోతుంది. చేపలు అమ్మే అత్తతో కలిసి ఉంటుంది. పిల్లలు లేరు. చేరిన మొదటి రోజే, ఎవరూ అడక్కుండానే, తన సంగతి చెప్పేసింది. "మా ఆయన బోటు మీద ఎల్లేడు. బోటు దొరికింది. ఆయన దొరకనేదు." అంతే. పోయాడని అనలేదు. నుదుట బొట్టు ఉంది, మెడలో పుస్తెలు ఉన్నాయి. మేం ఎవరం తిరిగి ఆ మాట ఎత్తలేదు.

పత్రికలో అలాంటి వాళ్లకు మేం వాడే మాట 'గల్లంతు'. మర్నాడు శవం దొరికితే ఇంకో వార్త రాస్తాం. దొరక్కపోతే రాయడానికి ఏమీ ఉండదు. ఆ మాట అక్కడే ఆగిపోతుంది.

ఒకసారి టీ తాగుతూ తనలో తాను అనుకున్నట్టు అంది: "అమాస వత్తే సాలు, సొక్కా సొక్కా అని నా పేనం తీసేత్తారు." ఏం చొక్కా అని ఆటో అతను అడిగాడు. "నాను ఇయ్యను," అందే తప్ప ఇంకేమీ చెప్పలేదు. ఆ మాటకు అర్థం నాకు చాలా రోజుల తర్వాత, బొమ్మ బూడిదయ్యాక గానీ తెలియలేదు. ఇక్కడే చెప్పేస్తాను. సముద్రంలో శవం దొరకని మనిషికి ఆ పల్లెలో ఒక పద్ధతి ఉంది. గడ్డితో మనిషిని కడతారు, తలకు కుండ పెడతారు, అతను తొడుక్కున్న చొక్కా ఒకటి వేస్తారు. అమావాస్య నాడు ఒడ్డున ఆ గడ్డిమనిషిని దహనం చేస్తారు. దాంతో అతను పోయినట్టు. చొక్కా మాత్రం భార్య చేతి మీదుగానే రావాలి. ఆమె ఇవ్వకపోతే ఎంత పెద్దమనిషైనా ముట్టడానికి లేదు. ఈమె ఇవ్వలేదు. ఎన్ని అమావాస్యలు వచ్చినా ఇవ్వలేదు. చొక్కా తన పెట్టెలో ఉన్నంతకాలం భర్త ఎక్కడో ఉన్నట్టే ఆమెకు.

మేష్టారికి ఒక అలవాటు ఉంది. రిహార్సల్‌లో డైలాగు మొదలుపెట్టనివ్వరు. ముందు బొమ్మను పట్టుకుని ఊరికే నిలబడాలి. దానికి ఊపిరి ఉండాలి. చువ్వను వేలెడు మందం పైకి, మళ్లీ కిందికి. అంతే. అది మనిషి ఛాతీలా కనిపించేదాకా ఎంతసేపైనా సరే.

"మామా, నా బొమ్మ బీడీలు తాగుద్ది. అందుకే ఊపిరి ఎక్కువ," అనేవాడు ఆటో అతను.

"బొమ్మ తాగదురా, నువ్వు తాగుతావు. నోరు మూసుకుని పట్టుకో."

ఊపిరి తర్వాత చూపు. బొమ్మ ముఖం మారదు కదా, గీసిన కళ్లు గీసినట్టే ఉంటాయి. మారేది వంపు ఒక్కటే. గడ్డం కొంచెం దించితే దిగులు, ఎత్తితే పొగరు. కదలకుండా ఉంచితే ఏదో ఆలోచిస్తున్నట్టు ఉంటుంది. "బొమ్మ ఎవుల్ని సూత్తందో జనం ఆల్నే సూత్తారు," అనేవారు మేష్టారు. "నువ్వు ఎదటి బొమ్మని మడిసి అనుకుంటేనే జనం నీ బొమ్మని మడిసి అనుకుంటారు."

ఆమెతో ఇబ్బంది అక్కడే వచ్చింది. గొంతు బాగుంది, మాట విరుపు బాగుంది. ఊపిరి కూడా తొందరగానే పట్టుకుంది. కానీ పెళ్లాం బొమ్మ మొగుడి బొమ్మ వంక చూసేది కాదు. అతని భుజం మీదుగా గుమ్మం వైపు చూస్తూ తిట్టేది. తిట్లన్నీ గాలిలోకి పోయేవి.

"అమ్మా, నీ బొమ్మ మొగుణ్ని తిడతంది గానీ మొగుణ్ని సూడ్డం నేదు," అన్నారు మేష్టారు ఒకరోజు. "గుమ్మంలోకి ఇంకెవరో వత్తారన్నట్టు సూత్తంది."

"ఏటి సూడమంటారు మేష్టారూ? అది నాకు మొగుడిలాగ అవుపడితే కదా. లుంగీ కట్టిన ఆనపకాయలాగుంది."

"ఆనపకాయేటి సెల్లీ?" ఆటో అతనికి నిజంగానే రోషం వచ్చింది. "మీసం నాను దిద్దేను. రెండు రోజులు పట్టింది."

"మీసం బాగుంది అన్నా. మీసం కింద మడిసి నేడు."

మేష్టారు కూడా నవ్వేశారు. తర్వాత అన్నారు: "బట్టలు కుట్టేది నువ్వే కదా. నీకు మడిసిలాగ అవుపడేటట్టు కుట్టు. మాకేటి అబ్యంతరం."

ఆయన అన్నది బట్ట గురించి. ఆమె ఏం విన్నదో నాకు తెలియదు. తర్వాతి వారం మొగుడి బొమ్మకు పాత బనీను గుడ్డ పోయి నీలం, తెలుపు గళ్ల చొక్కా వచ్చింది. పెద్ద మనిషి చొక్కాను కత్తిరించి కుట్టిన చొక్కా. కాలర్ మాత్రం తగ్గించకుండా అలాగే ఉంచేసింది. అందుకని బొమ్మ మెడకు అది కాస్త పెద్దదై, మనిషి కొంచెం చిక్కిపోయినట్టు కనిపించేవాడు. పైనుంచి రెండో గుండీ మాత్రం వేరే రంగు, ఎప్పుడో ఊడిపోతే దొరికినది కుట్టినట్టు.

"ఎక్కడిది సెల్లీ ఇది?" అని ఆటో అతను ఆ గుండీ పట్టుకుని అడిగాడు.

"ఇంట్లో పడుంది," అంది.

ఆ రోజు చివరి సన్నివేశం వేశాం. నేను పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాను. రెండు బొమ్మలూ ఊపిరి తీసుకున్నాయి. మొగుడి బొమ్మ గుమ్మంలో అడుగు పెట్టింది. పెళ్లాం బొమ్మ తల తిప్పి, మొట్టమొదటిసారి, అతన్ని చూసింది. చూసి అలాగే ఉండిపోయింది. డైలాగు రాలేదు. మరిచిపోయిందేమో అందిద్దామని కాగితాలు తీశాను. మేష్టారు నా వైపు చూడకుండానే చెయ్యెత్తి ఆపేశారు. బొమ్మ మెల్లగా రెండడుగులు ముందుకు వచ్చింది. గొడుగు ఊచ చివరనున్న ఆ చిన్న గుడ్డ చెయ్యి అతని కాలర్ దగ్గరికి వెళ్లి, మడతపడ్డ మూలను సరిచేసింది.

నేను రాసిన మాట "ఇంత పొద్దేటి?" అని.

"ఇన్నాళ్లేటి మావా?" అంది ఆమె.

తిట్టడం లేదు. తిట్టడానికి కూడా ఇంకా ఓపిక రానట్టు, ముందు మనిషి నిజమా కాదా తేల్చుకుంటున్నట్టు ఉంది ఆ గొంతు. ఆటో అతను బండి చక్రం గురించి చెప్పాలి. అది వదిలేసి, తల వంచుకున్న బొమ్మ వెనక నుంచి, "వచ్చేనుగా," అన్నాడు. అప్పుడు మొదలుపెట్టింది తిట్లు. నేను రాసినవి కొన్ని, రాయనివి ఎన్నో. అన్నం సల్లారిపోనాదని, పెట్టిన కూర పిల్లి తినేసిందని, పక్కింటావిడ నవ్విందని. నవ్వులాటకి రాసిన సన్నివేశం అది. మాకు నవ్వు వచ్చింది కూడా. ఆ నవ్వు మధ్యలోనే మేష్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఆ తర్వాత ఆమె రోజూ ఆ సన్నివేశమే ముందు వేద్దామనేది. మేం కాదనలేదు. బొమ్మలో నిజంగానే ప్రాణం వచ్చింది. మొగుడి బొమ్మ ఊపిరి కూడా మారింది. ఆటో అతను బీడీ జోకులు మానేశాడు. సెల్లికి మొగుడు రోజూ సాయంత్రం ఆరున్నరకి ఇంటికొస్తున్నాడు మామా అని నాతో, మేష్టారితో ఒకసారి అన్నాడు. అన్నాక తానే నాలిక్కరుచుకున్నాడు.

రోజూ ఆడించడంతో చొక్కా చంక దగ్గర కుట్టు విడిపోయింది, లోపలి గడ్డి నలిగి బయటికి రాసాగింది. ఇంటికి పట్టుకెళ్లి కొత్త గడ్డి కూరి కుట్టి తెస్తానంది. అమావాస్య ముందు రోజు అది. ఆ సంగతి మాలో ఎవరికీ తెలియదు. ఆమెకూ గుర్తు లేదని తర్వాత చెప్పింది. బస్సులో బొమ్మను ఒళ్లో కూర్చోబెట్టుకుందట. కండక్టరు వచ్చి, "ఆడోళ్లకి ఫ్రీయేనమ్మా. మరీయన మగోడు కదా, టిక్కెట్టు తియ్యాల," అన్నాడట. బస్సంతా నవ్విందట. తనూ నవ్విందట. బొమ్మ కాలిపోయిన సంగతి మాకు చెబుతూ చెబుతూ ఈ ముక్క కూడా చెప్పింది ఆ సాయంత్రం, గోడకు ఆనుకునే.

ఇంటికి వెళ్లి బొమ్మను మూలన గోడకు ఆనించి కూర్చోబెట్టింది. అత్త చేపల బుట్ట దించుకుని చీకటిపడ్డాక వచ్చింది. బొమ్మను చూసింది. ఏమీ అనలేదు. కొడుకు చొక్కా కత్తిరించినందుకు కోపం వచ్చి ఉంటుందని ఈమె అనుకుంది. గొడవెందుకని తనూ మాట్లాడలేదు. ఇద్దరూ అన్నం తిన్నారు. పొద్దున గడ్డి దొరకలేదు, సాయంత్రం చూద్దామని బొమ్మను అక్కడే వదిలేసి బస్సెక్కి షాపుకి వచ్చేసింది. తిరిగి వెళ్లేసరికి మూల ఖాళీగా ఉంది. వాకిట్లో నీళ్లు చల్లి ఉన్నాయి. ఒడ్డుకు వెళ్లి బూడిదలో వెతుక్కుని ఆ ఊచలు తెచ్చుకుంది.

మర్నాడు మేష్టారూ, నేనూ ఆటో అతని బండిలోనే ఆ పల్లెకు వెళ్లాం. వెళ్లి ఏం అడగాలో మాకే తెలియదు. మేష్టారు దారి పొడుగునా ఒక్కటే మాట: "నాటకం బొమ్మ అని ఆవిడకి సెప్పాల. సెబితే అర్థం సేసుకుంటాది." నేను ఎవరో మొండి ముసలమ్మను ఊహించుకున్నాను. కోడలి మీద పంతం తీర్చుకున్న అత్తను చూడబోతున్నాననుకున్నాను.

ఆమె వాకిట్లో కూర్చుని ఉంది. వలల కొట్టు నీడ ఆమె మీద సగం పడుతోంది. మమ్మల్ని చూసి లేవబోయింది. వద్దన్నాం. కోడలు అప్పటికే పనిలోకి వెళ్లిపోయింది. మేష్టారు తడబడుతూ చెప్పారు: అమ్మా, అది మా నాటకం బొమ్మ. మీ కోడలు దాన్ని బాగు చేద్దామని తెచ్చింది. దినం కోసం తేలేదు.

"తెల్సింది బాబూ. ఆ సాయంత్రమే సెప్పింది," అంది ఆవిడ. ఆవిడ గొంతు బొంగురుపోయి ఉంది. తనే మొదలుపెట్టింది.

"సీకటి పడ్డాక వచ్చేను. లైటేసి సూత్తే మూల నా కొడుకు సొక్కా. గడ్డిమడిసికి తొడిగి ఉంది. ఇన్నాళ్లూ ఎంత అడిగినా ఇయ్యనిది, రేపు అమాస అనగా తెచ్చి కూకోబెట్టింది. ఇంకేటని అడగాల దాన్ని? నోటితో సెప్పలేక సేత్తో సెప్పింది అనుకున్నాను. అన్నం ఎట్టేను. తిన్నాది. నానేడిత్తే అదీ ఏడుత్తాదని ఏడవకండా పడుకున్నాను. పొద్దున్న దాన్ని వొగ్గేసి బస్సెక్కి ఎల్లిపోనాది. పెళ్లాం ఆ మంట సూడకూడదు బాబూ. అందుకే ఎల్లిపోనాది అనుకున్నాను."

నేను అడిగాను: "ముఖం, మీసం చూశాకైనా బొమ్మ అనిపించలేదా అమ్మా?"

"అనిపించింది బాబూ. మేం కుండ ఎడతాం తలకి. కళ్లూ ముక్కూ ఏటీ ఉండవు. ఇది ఎంత బాగా సేసుకున్నాదో అనుకున్నాను. మీసం కూడా దిద్దుకున్నాది. ఎన్ని రోజులు సేసిందో, మాకు తెలీకండా ఎక్కడ కూకుని సేసిందో అని దాన్నట్టుకుని ఏడిసేను. మొఖం నా కొడుకుది కాదు. అదేటో నాకు తెల్దా? మీసం మాత్రం ఆడి మీసంలాగే ఉంది."

ఆటో అతను దూరంగా బండి దగ్గరే నిలబడి ఉన్నాడు. అతనికి ఈ మాట వినబడలేదు. నేను చెప్పనూ లేదు.

"ఊరోళ్లని పిలిసేను. ఏరే ఉంటన్న నా చిన్నకొడుకు నిప్పెట్టేడు. బాగా మండింది బాబూ, గడ్డి కదా." ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుంది. "ఇప్పుడు నాటకం బొమ్మంటారు. మరి నాను ఎవుల్ని కాల్సేను?"

మాకు అదొక అపార్థం, అంతే. బొమ్మ ఇంకొకటి చేసుకోవచ్చు. ఆ తల్లికి అలా కాదు. ఆ దినం లెక్కలోకి వస్తే కొడుకు పోయాడు. రాకపోతే, బతికి ఉన్నాడేమోనన్న కొడుక్కి కన్నతల్లి తన చేతులతో దినం చేయించినట్టు. అంతకంటే కీడు వాళ్ల పల్లెలో లేదు. ఆ రెండో మాట ఆవిడ పైకి అనలేదు. "అలాగైతే మరి..." అని ఆపేసి, సముద్రం వైపు చూసింది.

పల్లెలో పెద్దమనిషిని కూడా కలిశాం. ఆయనా బిత్తరపోయి ఉన్నాడు. ఇలాంటిది తన తండ్రి కాలంలో కూడా వినలేదన్నాడు. చెప్పింది ఇంతే: "సొక్కా పెళ్లాం సేతి మీదగా రావాలన్నది పద్ధతి. సొక్కా అయితే ఆ పిల్లే తొడిగింది, ఆ గుంటే ఇంటికి తెచ్చింది. ఇచ్చినట్టా, ఇయ్యనట్టా? అది నాను సెప్పేది కాదు, వాళ్లత్త సెప్పేది కాదు. ఆ గుంటే సెప్పాల. ఇచ్చేను అంటే అయిపోయినట్టు. ఇయ్యనేదు అంటే..." ఆయన కూడా అక్కడే ఆపేశాడు. పదోరోజు బొట్టూ గాజులూ తీసే తంతు ఉంటుంది. ఆమె మాట చెప్పేదాకా అది ఆపుతానన్నాడు.

తిరిగొచ్చాక ఆ సాయంత్రం షెడ్డులో మేష్టారు ఆమెకు ఇవన్నీ చెప్పారు. ఆమెకు ముందే తెలుసు. బల్ల మీది గొడుగు ఊచల మసిని గుడ్డతో తుడుస్తూ వింది.

"ఇచ్చేను అంటే ఆయన్ని నానే సంపినట్టు," అంది. "ఇయ్యనేదు అంటే మా అత్త బతకదు మేష్టారూ. రెండు రాత్రుళ్లనించీ లేసి కూకుంటంది."

అత్త మీద కోపం లేదా అని ఆటో అతను అడిగాడు. అడిగే తీరులో అతనికే చాలా కోపం ఉంది.

"కోపమేటి అన్నా? నాలాగే ఆవిడ కూడా బొమ్మని సూసి మడిసి అనుకున్నాది."

ఆమె లేచి తాడు మీది పెళ్లాం బొమ్మను దించింది. నల్ల చొక్కా తొడుక్కుని దాని వెనక నిలబడి, ఊపిరి మొదలుపెట్టింది. వేలెడు మందం పైకి, మళ్లీ కిందికి. ఎదురుగా మొగుడి బొమ్మ లేదు. ఆటో అతను ఏం చెయ్యాలో తెలియక ఖాళీ చేతులతోనే వచ్చి నిలబడ్డాడు. పెళ్లాం బొమ్మ అతని వంక చూడలేదు. అతని భుజం మీదుగా గుమ్మం వైపు చూసింది, మొదట్లో చూసినట్టే. మేష్టారు ఈసారి సరిచెయ్యమని అనలేదు.

ఆ అమావాస్య వెళ్లిపోయింది. తర్వాత ఇంకా వచ్చి వెళ్లాయి. ఆమె రోజూ బస్సులో వస్తుంది, షాపులో కుడుతుంది, సాయంత్రం షెడ్డుకు వచ్చి బొమ్మకు ఊపిరి పోస్తుంది, రాత్రికి వెళ్లి అత్తతో కలిసి అన్నం తింటుంది. ఆ సంగతి మాత్రం ఇద్దరూ ఎత్తరట. నాటకం ఇంకా ఆడలేదు. ఆటో అతను కొత్త తలకు కాగితాలు నానబెట్టాడు గానీ, మీసం దిద్దనంటున్నాడు. పెద్దమనిషి ప్రతి అమావాస్యకూ కబురు పంపుతూనే ఉన్నాడు, చొక్కా ఇచ్చినట్టా, ఇవ్వనట్టా అని. ఆమె ఇంతవరకూ ఏ మాటా చెప్పలేదు.